ప్రశ్నార్థకానికి గుణింతం రాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ కంప్యూటర్ శీర్షికలో లినక్స్ గురించి రాస్తూ, ఫైళ్ల పేర్లు తెలుగులోనే పెట్టుకోమన్నారు. నేను మూడేళ్లుగా అలాగే పెడుతున్నాను, మంచి సలహా. అయితే అదే వ్యాసంలో, కమాండ్లలో ఫైళ్ల పేర్లు పూర్తిగా రాయకుండా గుర్తులు వాడేటప్పుడు ‘ప్రశ్నార్థకం ఒక అక్షరానికి బదులు నిలుస్తుంది’ అన్నారు. ఆ మాట నమ్మే నేను మా అక్కతో తిట్లు తిన్నాను.

మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆయన క్యాసెట్లు నలభై దాకా ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించి, కథలకు ‘కథ-01’, విడి పాటలకు ‘పాట-01’ అంటూ వరసగా పేర్లు పెట్టాను. అదే ఫోల్డర్‌లో ‘కరెంటు-మార్చి’ లాంటి బిల్లులు కూడా ఉన్నాయి (నా బద్ధకం). కథ రెండక్షరాలే, పాటా రెండక్షరాలే కదా అని కాపీ కమాండ్‌కి ‘??-*’ అని ఇచ్చి (నక్షత్రం అంటే ఆ తర్వాత ఏమున్నా సరే అని) పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. దాన్ని గుంటూరులో ఉన్న అక్కకి పంపాను. రెండో రోజు ఫోను.

‘‘ఒరే తమ్ముడూ, నాన్న పాటలేవిరా?’’

‘‘అన్నీ పంపానే అక్కా!’’

‘‘నాకు కథలు చెప్పకు. ఇందులో ఉన్నవి కూడా కథలే!’’

ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానించాను, తర్వాత కాపీ కమాండ్‌ని. ఒక పూట పోయింది. చివరికి కాపీ తీసేసి, దాని బదులు, ఇచ్చినదాన్ని తెరమీద చూపించడమే పనిగా ఉన్న ‘ఎకో’ కమాండ్ పెట్టి అదే గుర్తులు ఇచ్చాను. కథలు మాత్రమే కనబడ్డాయి. ఇంకో ప్రశ్నార్థకం చేర్చి ‘???-*’ అంటే పాటలన్నీ వరసగా వచ్చేశాయి.

సంగతేమిటంటే, ఈ గుర్తులు కాపీ కమాండ్ దాకా వెళ్లనే వెళ్లవు. వాటిని పేర్లుగా విప్పేది షెల్, అంటే మనం టైపు చేసిన కమాండ్లని అందుకుని నడిపించే ప్రోగ్రాం. దానికి మన అక్షరం తెలీదు, కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ విడిగా ఇచ్చిన యూనికోడ్ సంకేతాలే తెలుసు. ‘క’ ఒక సంకేతం. ‘పా’ మాత్రం రెండు: ప ఒకటి, దీర్ఘం ఒకటి. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. భాష సెట్టింగ్ లేని సర్వర్లలో ఇంకా ఘోరం. అక్కడ బాష్ అనే షెల్ సంకేతాలు కాక బైట్లు లెక్కపెడుతుంది, ‘క’ దాచడానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి ఒక్క ‘క’కే మూడు ప్రశ్నార్థకాలు కావాలి. లినక్స్‌కి మూలమైన యూనిక్స్ మొదటి కూర్పుతో 1971లో వచ్చిన ‘గ్లోబ్’ అనే చిన్న ప్రోగ్రాం చేసిన పనే ఇది. అప్పటివాళ్లకి మన గుణింతాలతో పనేముంది!

నన్ను ముంచింది ఆ నిశ్శబ్దం. ఫోల్డర్‌లో కథలు లేకుండా పాటలే ఉంటే ఏ పేరూ కుదరక, బాష్ ఆ గుర్తుల్ని ఉన్నవి ఉన్నట్టే కాపీకి అప్పగించేది, అలాంటి ఫైలు లేదని కాపీ మొత్తుకునేది. జడ్‌షెల్ అనే ఇంకో షెల్ అయితే తనే ఆపేస్తుంది. నాకు సగం కుదిరాయి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. అదే తొందరలో అసలు ఫోల్డర్ చెరిపేసి ఉంటే నాన్న పాటలు ఇక లేనట్టే.

ఇప్పుడు ‘కథ-* పాట-*’ అని విడివిడిగా ఇస్తున్నాను. నక్షత్రానికి ఎన్ని సంకేతాలైనా ఒకటే కనుక గుణింతాల గొడవ లేదు. కాపీకైనా, చెరపడానికైనా ముందు ఎకోతో చూసుకుంటున్నాను. మీరు వచ్చే ఆదివారం ‘ఒక అక్షరానికి’ అన్నచోట ‘ఒక యూనికోడ్ సంకేతానికి’ అని సవరణ వేయండి. పక్కన ‘పాట’ ఉదాహరణ కూడా ఇస్తే, పిల్లలు ల్యాబ్‌లోనే సరిచూసుకుంటారు.

– పాలిటెక్నిక్ విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్, తెనాలి