ఆ పది స్టేడియాల్లో జకార్తా ఏది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో ఫుట్‌బాల్ అభిమాని చూసి తీరాల్సిన పది స్టేడియాలంటూ పేజీ నిండా ఫొటోలతో ఒక వ్యాసం వేశారు. అది చదివి ఎవరో ఒకరు రాస్తారులే అని ఎదురుచూశాను. ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి ఇక నేనే రాస్తున్నాను.

వెంబ్లీ, కాంప్ నౌ, ఓల్డ్ ట్రాఫర్డ్, మరకానా, శాన్ సిరో, అన్నీ గొప్పవే. ఒక్కదాన్నీ తీసేయమనను. వాటి మెట్ల మీద కూర్చుని ఒక్క మ్యాచ్ చూడాలన్న కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ ఒక్కో స్టేడియానికి మీరు రాసింది మూడే ముక్కలు: ఎంతమంది పడతారు, ఏ క్లబ్‌ది, లోపల తిరిగి చూడ్డానికి టికెట్ ఎంత. ఆ మాత్రం మా అబ్బాయి ఫోన్‌లో అర నిమిషంలో తీస్తాడు. ఆ గోడల మధ్య ఏం జరిగిందో చెప్పడానికే కదా మాకు పత్రిక కావాల్సింది!

మరకానా సంగతే చూడండి. దాని అధికారిక పేరు జర్నలిస్ట్ మారియో ఫిల్యో స్టేడియం. రియోలో ఆ స్టేడియం కట్టాల్సిందేనని పట్టుబట్టి రాసిన క్రీడా పాత్రికేయుడు ఆయన. ఒక పత్రికవాడి పేరు ప్రపంచంలోకెల్లా పేరున్న స్టేడియానికి పెడితే, మరో పత్రిక ఆ సంగతి ఎలా వదిలేసింది? 1950లో ప్రపంచ కప్పు తేలే మ్యాచ్‌లో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ 1-2తో ఓడింది అక్కడే. ఆ రోజు టికెట్ల లెక్కకు అందినవాళ్లే 1,73,000 మందికి పైన. మీ వ్యాసంలో ఆ మ్యాచ్ ఊసే లేదు. శాన్ సిరోదీ అదే కథ. 1926 నాటి ఆ స్టేడియాన్ని మిలాన్, ఇంటర్ క్లబ్బులకు అమ్మడానికి అక్కడి నగరపాలక మండలి 2025లో ఒప్పుకుంది. వాళ్లు దాన్ని చాలావరకు పడగొట్టి పక్కన కొత్తది కట్టుకోబోతున్నారు. వెళ్లి చూడాలనుకునే మనిషికి ముందుగా చెప్పాల్సిన మాట అదే కదా? లండన్‌లో ఆర్సెనల్ వాళ్ల పాత హైబరీ ఇప్పటికే అపార్ట్‌మెంట్లు అయిపోయింది.

సరే, అవి వదిలేద్దాం. నన్ను నిజంగా బాధపెట్టింది ఆ జాబితాలో జకార్తా లేకపోవడం.

సెనయాన్ అని అప్పట్లో పిలిచిన స్టేడియం అది. ఇప్పుడు గెలోరా బుంగ్ కార్నో. సోవియట్ సాయంతో కట్టి, 1962 ఆసియా క్రీడల కోసం తెరిచారు. స్టేడియం చుట్టూ తెగకుండా తిరిగే కప్పు దాని ప్రత్యేకత. సెప్టెంబర్ 4న అక్కడే మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంతవరకూ స్వర్ణం రాలేదు. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ మనవాడు, యూసుఫ్ ఖాన్ మనవాడు, తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన గొడవ లేవనెత్తడంతో జకార్తా జనం మనమీద మండిపడి ఉన్నారు. దాదాపు లక్షమంది కేకలు వేస్తుంటే మనవాళ్లు ఆడారు. అదే కొరియా చేతిలో మొదటి మ్యాచ్ 0-2తో ఓడిన జట్టు అది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒక గోల్ వేస్తే, రెండోది ఆ కుట్ల తలవాడే వేశాడు. అప్పటికే రహీమ్ సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు.

అంత జరిగిన స్టేడియం ఇప్పటికీ నిలబడి ఉంది. 2018 ఆసియా క్రీడలకు బాగుచేశారు కూడా. తెలుగు పత్రిక తెలుగు పాఠకుల కోసం వేసే జాబితాలో దానికి చోటు లేకపోతే ఇంకెవరి జాబితాలో ఉంటుంది? నన్నడిగితే మొదటి పేరు అదే. నా పాస్‌పోర్టు మీద ఎప్పుడైనా ముద్ర పడితే ముందు జకార్తాదే పడాలని నా కోరిక. బార్సిలోనా తర్వాత చూసుకోవచ్చు.

పాస్‌పోర్టు అక్కర్లేనివి కూడా ఉన్నాయి. ముంబై కూపరేజ్ మైదానానికి రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా చేరతాం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచి కప్పు ఎత్తుకొచ్చింది అక్కడి నుంచే. కోల్‌కతా సాల్ట్ లేక్‌లో 1997 జులై 13న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆడితే 1,31,000 మందికి పైగా వచ్చారు, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. మీ పదింటిలో మన దేశానిది ఒక్కటీ లేదు.

మా నాన్నకు సిటీ పోలీస్ ఆటంటే ప్రాణం. రహీమ్ సాబ్ కుర్రాళ్లకు పెట్టిన పోటీల గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పేవారో! కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకో పోటీలో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఖర్చు లేని విద్య అది. జాగా ఒక్కటే కావాలి. ఆ జాగా ఇప్పుడు ఎక్కడుంది?

మా పేటలో పిల్లలు ఆడుకునే మైదానం ఒకటుంది. ఏడాదిలో సగం రోజులు ఎవరికో ఒకరికి అద్దెకిస్తారు. మీటింగులు, ఎగ్జిబిషన్లు, పెళ్లి రిసెప్షన్లు. వాళ్లు వెళ్లిపోయాక చూడాలి. పెనాల్టీ ఏరియా మధ్యలో షామియానా గుంజల గుంతలు, గోల్ లైన్ పక్కన మేకులు, విరిగిన ప్లాస్టిక్ గ్లాసులు. పిల్లలు ఆట మొదలుపెట్టే ముందు వరసగా నడుస్తూ మేకులు ఏరుకుంటారు. అర్జీ ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. తర్వాతి వారమే మరో షామియానా లేచింది. ఆటస్థలాన్ని అద్దె వచ్చే ఖాళీ జాగాగా చూసే అధికారులున్నంత కాలం ఇంకో బలరాం ఎక్కడి నుంచి వస్తాడు?

2025 డిసెంబర్‌లో మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ప్రపంచ కప్ గెలిచిన ఫుట్‌బాలర్‌ను మనం చూపించుకున్నది ఉప్పల్‌లో, క్రికెట్ స్టేడియంలో! రహీమ్ సాబ్ ఊళ్లో ఇదా పరిస్థితి? అదే ఏడాది మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి, గోల్ కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపి, కప్పు తెచ్చిన జట్టది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు. సొంత జట్టు చాంపియన్ అయిన సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ చూసే భాగ్యం మాకు దక్కలేదు, ఇప్పుడు జట్టే లేదు. మెస్సీ రాకకు పేజీలకు పేజీలు ఇచ్చిన పత్రికలు జట్టు పోయిన సంగతికి ఎన్ని లైన్లు ఇచ్చాయో మీరే వెనక్కి తిరగేసి చూడండి.

మీ పత్రికను మా ఇంట్లో మా నాన్న కాలం నుంచీ వేయించుకుంటున్నాం, ఆ చనువుతో రెండు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, జకార్తా స్టేడియం గురించి, 1962 ఫైనల్ గురించి అదే ఆదివారం పేజీలో కనీసం అరపేజీ వేయండి. హైదరాబాద్ ఆటగాళ్ల పేర్లు తప్పుల్లేకుండా వేయండి. రెండు, స్థానిక ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు రోజూ వేయండి. నాలుగు లైన్లు చాలు. గోల్ వేసిన పిల్లాడి పేరు తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తిరుమలగిరి, సికింద్రాబాద్