తూకం కాదు, రాత చూడాలి

సంపాదకులకు,

ఇరాన్‌ను 1797 నుంచి 1834 దాకా ఏలిన ఫతే అలీ షా బంగారు నాణేలైన తుమానులను సేకరించేవారిలో కొందరు తూకం చూసి, పైనున్న రాతను చదవకుండానే కొనడం నాకు వింతగా తోస్తుంది. టంకశాల ఉన్న ఊరిని కూడా బిరుదుతో చెక్కిన నాణేలవి: యజ్ద్‌కు దారుల్ ఇబాదా, అంటే ఆరాధనా నిలయం, షీరాజ్‌కు దారుల్ ఇల్మ్, అంటే విద్యా నిలయం. సంవత్సరం హిజ్రీ లెక్కలోది కనుక 1233 అని కనిపిస్తే అది క్రీ.శ. 1817-18.

నా దగ్గరున్న తుమాను అంచున, ఎప్పుడో గొలుసుకు వేలాడదీయడానికి అతికిన కొక్కెం మచ్చ కింద, రెండు అక్షరాలు కరిగిపోయాయి. అమ్మిన వర్తకుడు చూపిన ఫొటోలో ఆ అంచే లేదు. అమ్మకందారులు నాణెం రెండు వైపులతో పాటు అంచును కూడా చూపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త