బాణామతి మానేసిన మనిషిని బతకనివ్వండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. నేను మెతుకుసీమలో, అంటే మెదక్ ప్రాంతంలో, ఒక చిన్న పల్లె చర్చికి పాస్టర్‌ని. బాణామతి, అంటే చేతబడి, చేయడం మానేసిన ఒక మనిషిని కాపాడమని ప్రజావాణిలో మీకు ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. మొదటి మూడింటికి రసీదు చేతిలో పెట్టి పంపించారు. నాలుగోది ఇచ్చి వారం తిరక్కముందే, మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అది చూసి బండేసుకుని ఆ మనిషి ఇంటికి పరిగెత్తాను, నిజంగానే ఎవరైనా అధికారి వచ్చి వెళ్లారేమోనని. ఎవరూ రాలేదు. ఆయన లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాడు. వాకిట్లో ఆయన భార్య చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్నట్టు కాపలా కూర్చుంది. చేటలో బియ్యం లేవు సార్.

బాణామతి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఈ ప్రాంతానికి వచ్చిన ప్రతి అధికారీ మొదటి నెలలోనే ఆ మాట వింటారు. అవగాహన సదస్సులు, కళాజాతాలు మీకు తెలిసినవే. వాటిని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ సదస్సులో చెప్పిన మాట విని, నిజంగానే మంత్రాలు వదిలేసి బయటికి వచ్చిన మనిషి సంగతేమిటని అడుగుతున్నాను. వదిలేయమని మీరూ చెప్పారు, మేమూ చెప్పాం. వదిలేశాడు. ఇప్పుడు ఆయన్ని కాపాడేవాళ్లు ఎవరు?

ఆయన పేరు రాయను. ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లకి మంత్రం వేశాడు, తీశాడు. తాయెత్తులు కట్టాడు, ముగ్గులు పోశాడు, అర్ధరాత్రి కోళ్లు కోశాడు. మొన్న శివరాత్రి దాటాక ఒక సాయంత్రం రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా చర్చి ముందుకొచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇవి నాకొద్దు. ఇంట్ల పెట్టుకుంటే నిద్ర పడ్తలేదు" అన్నాడు. పెట్టెలో రాగిరేకులు, నల్లదారం ఉండలు, ఎండి నల్లబడ్డ నిమ్మకాయలు, చీర కొంగుల ముక్కలు, కాగితాల్లో చుట్టిన వెంట్రుకలు ఉన్నాయి. అట్ట వెనక ఎక్కాలు అచ్చువేసిన స్కూల్ నోటుబుక్కు ఒకటి ఉంది. ఎవరి మీద చేయమన్నారు, ఎవరు చేయించమన్నారు, వాళ్ల అమ్మ పేరు, ఊరు, ఇచ్చిన డబ్బు, అన్నీ అందులో వరసగా రాసిపెట్టాడు. నేను మొదటి పేజీ తెరిచాను. ఆదివారం మా సంఘంలో పక్కపక్కన కూర్చునే ఇద్దరి పేర్లు కనిపించాయి. మూసేశాను. మళ్లీ తెరవలేదు.

ఎఫెసు పట్నంలో మంత్రవిద్య వదిలేసినవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చారని బైబిల్లో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. వాటి వెల యాభై వేల వెండి నాణేలు. అంత డబ్బు చేసేవాటిని అమ్ముకోకుండా ఎందుకు కాల్చారా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆ నోటుబుక్కు చేతిలో పట్టుకున్న రోజు నాకు అర్థమైంది. ఇంకొకరి చేతికి పోతే ఆ పేర్లు ఊళ్లో ఎన్ని తలలు పగలగొడతాయో తలుచుకుంటేనే ఒళ్లు జలదరించింది. చర్చి వెనక దొడ్లో మేమిద్దరం కలిసి కాల్చేశాం. ఆయన ఏడ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లోనే అన్నం తిని అరుగు మీద పడుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు.

అప్పటినుంచి ఆయన బతుకు ఎలా ఉందో రాస్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

వారం లోపల వీధి చివరింట్లో గేదె చచ్చింది. పెట్టె కాల్చాడు కాబట్టి అందులో కట్టిపడేసినవన్నీ ఊరి మీద పడ్డాయన్నారు. తర్వాత ఒక కొత్త కోడలికి ఫిట్స్ వచ్చాయి. మళ్లీ ఆయన పేరే. ఉపాధి హామీ పనికి వెళ్తే గ్రూపులో కలుపుకోలేదు, ఆయన తవ్విన చోట మేం మట్టి ఎత్తం అన్నారు. జాబ్‌కార్డు ఉంది, పని లేదు. కౌలుకిచ్చిన ఎకరంన్నర ఆసామి వెనక్కి తీసుకున్నాడు. హోటల్లో టీ ఇవ్వరు. పిండిగిర్నీలో ఆయన భార్య డబ్బా పెడితే, అందరివీ పట్టాక, చీకటి పడ్డాక, మిషన్ ఆపే ముందు పడతారు. కొడుక్కి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఇవి ఒక ఎత్తు. రాత్రిపూట కారులో వచ్చేవాళ్లు ఇంకో ఎత్తు. పాత గుడి దగ్గర గుప్తనిధి ఉంది, పూజ చేసి తీసిపెట్టమంటారు. మానేశానంటే, డబ్బు పెంచుతారు. ఒప్పుకోకపోతే చంపుతామంటారు. ఒక చేత్తో డబ్బు, ఇంకో చేత్తో కత్తి చూపిస్తుంటే, ఇంట్లో గింజ లేని మనిషి ఎన్నాళ్లు నిలబడతాడు సార్? ఇప్పటిదాకా నిలబడ్డాడు. అది ఆయన గొప్పతనం, మనది కాదు.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఆ నోటుబుక్కు. అందులో పేర్లున్నాయని ఊరంతా తెలిసిపోయింది. నా మీద ఎవరు చేయించారో చెప్పమని రోజుకొకరు ఆయన తలుపు కొడుతున్నారు. నేను చదివానేమోనని నన్నూ అడుగుతున్నారు. నిన్నమొన్నటిదాకా నాతో మంచిగా మాట్లాడినవాళ్లు ఇప్పుడు నా కళ్లలోకి చూడట్లేదు. వాళ్ల పేరు నేను చూశానని వాళ్ల భయం. చివరికి పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. వచ్చే అమావాస్యలోపు పేర్లన్నీ పంచాయతీలో చెప్పాలి, లేదా ఊరు విడిచి పోవాలి.

పోలీస్ స్టేషన్‌కి రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి, ఇది మతం మార్పిడి వ్యవహారమా అని అడిగారు. కాదని చెప్పాను. ఆయన ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, నేను తీసుకోమని అడగనూ లేదు. రేపు తీసుకున్నా తీసుకోకపోయినా ఆయన ప్రాణం ప్రాణమే కదా. అసలు ఆయన భయం ఇంకొకటి. చర్చిలో చేరితే ఎస్సీ సర్టిఫికెట్ పోయి బీసీ-సీ అవుతుందని, కొడుకు స్కాలర్‌షిప్ పోతుందని ఎవరో చెప్పారు. అది అబద్ధం కూడా కాదు కాబట్టి నేనేమీ మాట్లాడలేకపోయాను. రెండోసారి వెళ్తే, "ఏమన్నా జరిగితే రండి" అన్నారు.

ఏమన్నా జరగడమంటే మా దగ్గర ఏమిటో చెప్తాను. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. చాలా ఏళ్ల కిందట పక్కింటి పిల్లాడు జ్వరంతో పోతే, ఈమె చేసిందని చెట్టుకి కట్టేసి పటకారుతో పళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం నోట పలకదని వాళ్ల నమ్మకం. ఇప్పటికీ పాట పాడేటప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునే పాడుతుంది. స, శ, ష ఏదీ పలకదు. ఏసయ్యా అనబోతే ఏదో గాలి వస్తుంది. ప్రతి ఆదివారం నేను అది వింటాను. ఆమెకి ఒక్క మంత్రం రాదు. ఈయనకి వచ్చు, అది ఊరికంతా తెలుసు. ఏమీ రాని ఆమెకే ఆ గతి పడితే, ఈయనకేం చేస్తారో మీరే ఆలోచించండి. అలా జరిగాక రమ్మంటే ఎవరిని తీసుకురావాలి సార్?

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. తప్పు మావాళ్లలోనూ ఉంది. స్వస్థత కూటాల పేరుతో, మీ ఇంటి మీద ఫలానా దిక్కు నుంచి చేతబడి జరిగిందని, పక్కింటి ఆడమనిషే చేసిందని వేదిక మీదనుంచి చెప్పే బోధకులున్నారు. ప్రార్థన చేసిన నూనె అమ్ముకునేవాళ్లున్నారు. మంత్రగాడు నిమ్మకాయ కోసి చెప్పే మాటనే వీళ్లు మైకు పట్టుకుని చెబుతున్నారు. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలని, మంత్రగాళ్లని 19 మందిని ఉరి తీసింది బైబిలు చదివేవాళ్లే. అది మా చరిత్రలో మచ్చ. దురాత్మలు ఉన్నాయని నేను నమ్ముతాను, క్రీస్తు వాటికన్నా బలవంతుడని ఇంకా గట్టిగా నమ్ముతాను. ఆ విషయంలో, ఊరూరా సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక మిత్రులతో నాకు ఏకీభావం లేదు, వాళ్లకీ తెలుసు. కానీ పక్కింటి ముసలావిడ చూపులో మీ గేదె ప్రాణం ఉందని నా బైబిలు ఎక్కడా చెప్పలేదు. అందుకే మా దగ్గరికి ప్రార్థనకి వచ్చినవాళ్లని "ఎవరు చేశారు" అని మేం అడగం, అడగనివ్వం. "ఎన్నాళ్లుగా నిద్ర లేదు, ఏం తింటున్నావు, ఆస్పత్రికి వెళ్లావా" అని అడుగుతాం.

ఆస్పత్రి అంటే గుర్తొచ్చింది. ఆ కొత్త కోడలిని ఫిట్స్‌కి నేనే తీసుకెళ్లాను. ఏరియా ఆస్పత్రికి మానసిక వైద్యుడు వారానికోసారి వస్తారని ఒక అధికారి మాకు గ్రామసభలో మాట ఇచ్చి ఏడాది దాటింది. ఆ గది తాళం నేనెప్పుడూ తీసి ఉండగా చూడలేదు. చివరికి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరాం. మందులు మొదలుపెట్టాక ఆ పిల్లకి మళ్లీ ఫిట్స్ రాలేదు. అత్తగారు మాత్రం మందుల వల్లే తగ్గిందని ఇంకా ఒప్పుకోదు. ఇంకో సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. కల్తీ కల్లు దుకాణం నాలుగు రోజులు మూతపడితే ఊళ్లో సగంమందికి చేతులు వణుకుతాయి, ఏవేవో కనబడతాయి, మూర్ఛ వస్తుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారో మీ శాఖల దగ్గర లెక్క ఉండే ఉంటుంది. కల్లులో కలిపే డయాజిపామ్ అనే మత్తుమందు అలవాటైన ఒంటికి అది అందకపోతే వచ్చే రోగం అది. మా ఊళ్లో దానికి పేరు బాణామతి. కల్లు కలిపినవాడు దర్జాగా తిరుగుతాడు, పళ్లు ముసలమ్మకి ఊడతాయి.

చదువు లేకపోవడం వల్లే ఇదంతా, బడులు పెరిగితే అదే పోతుందని మీ కార్యాలయంలో ఒకరు నాతో అన్నారు. 2021 జనవరిలో మదనపల్లెలో మూఢభక్తికి ఇద్దరు ఎదిగిన ఆడపిల్లలు బలయ్యారు. ఆ ఇంట్లో తల్లీ తండ్రీ పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్లే. కాబట్టి బడులు వచ్చేదాకా ఆగమని చెప్పకండి.

మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టులో కాల్చి చంపాక ప్రభుత్వం కదిలింది, అదే సంవత్సరం చట్టం చేసింది. ఫలానావాళ్లు చేతబడి చేస్తారని ముద్ర వేసి హింసించడం అక్కడ నేరం. పాము కరిస్తే డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా మంత్రం వేయడం నేరం. ఏడేళ్ల దాకా జైలు. కర్ణాటక 2017లో చట్టం చేసింది. మన సరిహద్దు దాటి బీదర్‌లో అడుగు పెడితే చట్టం ఉంది, ఇటు లేదు. చట్టం చేయడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ కావాలని పైకి రాయడం మీ చేతిలో ఉంది. ఆ ఒక్క ఉత్తరమైనా రాయండి.

ఇక ఈ మనిషి కోసం అడిగేవన్నీ మీ చేతిలో ఉన్నవే. ఆయన జాబ్‌కార్డు మీద వేరే పనైనా ఇప్పించండి. స్టేషన్‌కి ఒక ఫోన్ చేసి, జరగకముందే ఒక కానిస్టేబుల్‌ని ఆ వీధిలో తిప్పమని చెప్పండి. పేర్లు చెప్పకపోతే ఊరు విడవాలన్న తీర్పు చెల్లదని మీరో, ఆర్డీవో గారో వచ్చి పంచాయతీ ముందు చెప్పండి. మా మాట వినరు, ప్రభుత్వం మాట వింటారు. డాక్టరు గది తాళం తీయించండి. ఇలా వదిలేసి వచ్చినవాళ్లు పది రోజులు తలదాచుకోవడానికి ఒక చోటు చూపించండి, అది చర్చి కాకపోయినా పర్వాలేదు. చర్చి కాకపోతేనే మంచిది కూడా, అప్పుడు ఎవరూ మతం మాట ఎత్తరు. మళ్లీ చెబుతున్నాను, ముందు ఆ కానిస్టేబుల్‌ని పంపించండి.

ఇంకో ముగ్గురు నా దగ్గరికి వచ్చారు సార్, ఇదే పని మానేస్తామని. పక్క మండలాలవాళ్లు. ఈయనకి ఏమవుతుందో చూసి అప్పుడు నిర్ణయించుకుంటామన్నారు. నేను వాళ్లకేమీ చెప్పలేకపోయాను.

అమావాస్యకి ఇంకా పదకొండు రోజులు ఉంది. వచ్చే సోమవారం ప్రజావాణికి నేను, ఆయన, ఆయన భార్య ముగ్గురం వస్తాం. ఈసారి అర్జీ కాగితం తేవడం లేదు. పొద్దున తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉంటాం. ఐదు నిమిషాలు పిలవండి.

ఇట్లు,
ఒక పల్లె సంఘ కాపరి