గేటు దగ్గర కళ్లుగప్పి వెళ్లిపోకండి

సంపాదకుడికి,

బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడుతుంటే ఎల్‌కేజీలో చేరబోయే పిల్లలచేత ఇళ్లల్లో ఏబీసీడీలు వల్లె వేయిస్తారు. మూడు నుంచి ఆరేళ్ల వయసులో చదువు ఆటపాటలతోనే సాగాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. మొదటి రోజు పిల్లకు అక్కరకొచ్చేవి వేరే: అమ్మను వదిలి ఉండడం, ఒంటికొస్తే చెప్పడం, తన వంతు దాకా ఆగడం.

పెద్దలు చేసే పెద్ద పొరపాటు, పిల్ల బొమ్మ చూస్తుండగా చెప్పాపెట్టకుండా జారుకోవడం. ఆ రోజంతా పిల్ల చూపు తలుపు మీదే ఉంటుంది, ఆటలో కలవదు. మర్నాడు గేటు దగ్గరే కొంగు వదలదు. చెప్పే వెళ్లండి. రోజూ ఒకే తీరుగా దగ్గరకు తీసుకుని, ‘అన్నం తిన్నాక వస్తా’ అని వెనక్కి రాకుండా వెళ్లిపోండి. ఈ వయసుకు పన్నెండు గంటలంటే తెలియదు, అన్నం తిన్నాక అంటే తెలుస్తుంది. ఆ మాట తప్పకూడదు. తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే పది నిమిషాల ఆలస్యం కూడా పిల్లకు చాలా పెద్దది. మే నెలలోనే అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పావుగంట, తర్వాత అరగంట, ఆపైన రెండు గంటలు ఇలాగే చెప్పి వదిలి అలవాటు చేయండి. బడి మొదలయ్యాక, ఆదివారం ఇంట్లో గడిపిన పిల్ల సోమవారం మళ్లీ ఏడిస్తే కంగారు పడొద్దు. మూడు నాలుగు వారాలైనా ఏడుపు తగ్గకపోతే, లేదా తిండి, నిద్ర మానేస్తే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇంట్లో కమోడ్ అలవాటైన పిల్ల, బడిలో నేలమట్టం దొడ్డి చూసి బిగబట్టుకుని, చివరికి బట్టల్లోనే పోసుకుంటుంది. ముందే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో వాడే మాట, ‘సుస్సు’ అయినా ‘ఉచ్చ’ అయినా, ఆయమ్మకు చెప్పండి. బెల్టు, బటన్లు వద్దు, ఎలాస్టిక్ నిక్కరు వేయండి. టిఫిన్ డబ్బా అన్నం నింపి పిల్లచేతే తీయించి చూడండి. క్లిప్పు గట్టిదైతే ఆ చిన్న వేళ్లకు రాదు, అడగడానికి బెరుకు, ఆకలితోనే కూర్చుంటుంది. ‘అల్లరి చేస్తే టీచర్ కొడుతుంది’ అని బెదిరించిన ఇంటి పిల్లకు ఆ టీచర్‌నే సాయం అడగాలంటే నోరు పెగలదు.

బడులకూ ఒక విన్నపం. మొదటి రోజే అందరినీ లోపలేసి గేటు మూయకండి, ఒకరి ఏడుపు ఇంకొకరికి అంటుకుంటుంది. పదిమంది చొప్పున, తొలి వారం రెండు గంటలే ఉంచండి. మొదటి రెండు రోజులు అమ్మనో నాన్ననో తరగతిలో కూర్చోనివ్వండి. ఏడ్చే పిల్లను రోజూ ఒకే ఆయమ్మ ఎత్తుకునేలా చూడండి, చెయ్యి మారితే బెంగ మళ్లీ మొదటికొస్తుంది.

– పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయినులు, ఖమ్మం