సర్టిఫికెట్‌లో నాలుగు, రోస్టర్‌లో ఒకటి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్న్‌షిప్ అనగానే పేపర్లలో ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ పిల్లల సంగతులే ఎక్కువగా వస్తాయి. హోటళ్లలో చేసే మా గురించి కూడా నాలుగు మాటలు రాద్దామనిపించింది. మాది విశాఖపట్నంలోని పెందుర్తి. టూరిజం, హాస్పిటాలిటీ డిగ్రీ చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో ఈ మధ్యే పూర్తిచేశాను.

2020-21లో డిగ్రీలో చేరినవాళ్ల నుంచి మన రాష్ట్రంలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత, రెండో ఏడాది తర్వాత రెండేసి నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. ఈ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదు లేదు. క్లాసులో కూర్చుని హోటల్ పని ఎవరికీ రాదు.

కాలేజీ ఇచ్చిన లెటర్‌లో ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్), హౌస్‌కీపింగ్ (గదుల శుభ్రత), రెస్టారెంట్ సర్వీస్, కిచెన్ అని నాలుగు డిపార్ట్‌మెంట్లు రాసి ఉన్నాయి. నాకు దక్కింది హౌస్‌కీపింగ్ ఒక్కటే. కారణం అందరికీ తెలిసిందే. కార్తీక మాసంలో మొదలైతే సంక్రాంతి దాటేదాకా అరకు, బొర్రా గుహలకు వెళ్లే జనంతో విశాఖ హోటళ్లు కిటకిటలాడతాయి. మేం సరిగ్గా ఆ సీజన్ మధ్యలో వెళ్లి చేరాం. మధ్యాహ్నం 12కి చెకౌట్, 2కి చెకిన్. ఆ రెండు గంటల్లో ఫ్లోరంతా రెడీ కావాలి, మనుషులు చాలరు. ఇంటర్న్ కనిపిస్తే ట్రాలీ చేతికిస్తారు. మేనేజర్ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో.

హౌస్‌కీపింగ్ చిన్న పనని నేను అనను. మా ఫ్లోర్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. బీచ్‌లో ఆడి వచ్చిన కుటుంబం గది ఖాళీ చేస్తే బాత్రూమ్ నిండా ఇసుకే. నేను బకెట్ ఎత్తేసరికి కేకేసింది: "ఓలమ్మా, నీళ్లు పొయ్యకే! ఇసకంతా పైపులోకి ఎల్లిపోద్ది. ముందు పొడిగా ఊడ్చి ఎత్తు." సముద్రం వైపు గదుల్లో బాల్కనీ అద్దాలకు ఉప్పు పొర పడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే ఇంకా మసకబారుతుంది, ముందు నీళ్లతో కడిగి వైపర్ లాగాలి. తలుపు గొళ్లేలు, హ్యాండిళ్లు రోజూ తుడవకపోతే ఉప్పుగాలికి తుప్పు మరకలొస్తాయి. ఇవేవీ మా టెక్స్ట్‌బుక్‌లో లేవు. ఆ అక్క చదివింది ఏడో తరగతి. ఆ ఫ్లోర్‌లో అసలైన లెక్చరర్ ఆవిడే.

కానీ ఇంటర్న్‌షిప్ అయ్యాక జరిగిన వైవాలో (నోటి పరీక్ష) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న నైట్ ఆడిట్, అంటే రాత్రి పూట ఆ రోజు లెక్కలు సరిచూడడం, ఎలా చేస్తారని. రెండోది, విదేశీ అతిథి దిగితే వాళ్ల వివరాలతో అధికారులకు పంపే ఫారం-సి ఎంతలోపు పంపాలని. 24 గంటలని చెప్పాను, పుస్తకంలో చదివింది కాబట్టి. ఆ ఫారం కంప్యూటర్‌లో ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. రిసెప్షన్‌లో నైట్ ఆడిట్ చూసే అవకాశమే రాలేదు. ఇసుక గురించి మాత్రం ఎవరూ అడగలేదు!

ఇక్కడే అసలు విషయం. హోటల్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో నాలుగు డిపార్ట్‌మెంట్లలోనూ శిక్షణ పొందినట్టు ఉంది. నా ప్రోగ్రామ్ బుక్‌లో (ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని రాసే పుస్తకం) వారం వారం రిపోర్టుల్లో హౌస్‌కీపింగ్ అనే రాశాను. రెండింటి కిందా సంతకం ఒక్కరిదే. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. మా ఇంటర్న్‌షిప్ చూసుకునే కాలేజీ లెక్చరర్, మెంటర్ మేడమ్‌ను ఏమనగలం? ఆవిడ కింద ఉన్న పిల్లలు ఊళ్లో ఎక్కడెక్కడో హోటళ్లలో, ట్రావెల్ ఆఫీసుల్లో ఉన్నారు. పైగా ఆవిడకు కాలేజీలో క్లాసులు తప్పవు. ఫోన్‌లో హెచ్ఆర్‌తో మాట్లాడి సరిపెట్టారు. రేపు ఉద్యోగానికి వెళ్తే ఆ సర్టిఫికెట్ చూసి నన్ను రిసెప్షన్‌లో నిలబెడతారు. అప్పుడు ఆ టెన్షన్ నాదే.

(స్టైపెండ్ గురించీ, రాత్రి 11కి సెకండ్ షిఫ్ట్ అయ్యాక పెందుర్తి చేరడం గురించీ రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. అది మరోసారి.)

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కాలేజీ, హోటల్ రాసుకునే లెటర్‌లో ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని వారాలో ముందే రాయాలి. సీజన్‌లో హౌస్‌కీపింగ్‌కు ఎక్కువ వారాలు కావాలంటే అదే రాసుకోండి, మాకూ తెలుస్తుంది. మెంటర్ నెలకోసారి హోటల్‌కు వచ్చి స్టాఫ్ గోడ మీద అంటించిన డ్యూటీ రోస్టర్‌ను ఫొటో తీసుకుంటే చాలు. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. వైవాలో సర్టిఫికెట్‌తో పాటు ఆ ఫొటోలు కూడా టేబుల్ మీద ఉండాలి. చేసిన పని మీదే ప్రశ్నలు అడగాలి.

వచ్చే బ్యాచ్ లెటర్లు కాలేజీల్లో టైపయ్యేలోపే విశాఖ జిల్లా కాలేజీల ప్రిన్సిపాళ్లు, హోటళ్ల యజమానులు ఈ సంగతి మాట్లాడుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
పెందుర్తి, విశాఖపట్నం