లా సీటుకు మార్కులే, మరి మాట?

సంపాదకులు గారికి,

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఐదేళ్ల లా చదవాలని పట్టుబట్టింది. వక్తృత్వ పోటీలకు వెళ్తుంటే కాలేజీలో ఒక సారు ఆపేశారు, 'లాసెట్‌లో దీనికి ఒక్క మార్కు కూడా రాదు' అని. ఆయనన్నది నిజమే. లాసెట్ అంటే రాష్ట్రంలో లా సీట్లకు పెట్టే ప్రవేశ పరీక్ష, 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. జాతీయ లా యూనివర్సిటీలకు పెట్టే క్లాట్ కూడా 120 ప్రశ్నలే, 2 గంటలు. ఇంటర్వ్యూ ఉండదు, సీటు ర్యాంకును బట్టే. అమెరికాలో లా కాలేజీలు కూడా ముందు ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ మార్కులే చూస్తాయి. కానీ విద్యార్థి ఇంకేం చేశాడో, ఎందుకు చదవాలనుకుంటున్నాడో కూడా రాయించుకుంటాయి.

మొన్న పక్కింటి మామ్మ పొలం కాగితాలు పట్టుకొచ్చింది. మా అమ్మాయి అరుగు మీద కూర్చుని, ఒక్కో లైనూ చదివి వినిపించి, అర్థం కానిచోట మళ్లీ అడిగి, సోమవారం గ్రీవెన్స్‌కి అర్జీ రాసిచ్చింది. లాయరు పని ఇది కాదా? దీనికి మార్కులెందుకు, మానిపించకుండా ఉంటే చాలు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వారు మా ఇంటర్ కాలేజీల్లో ఏడాదికొకసారైనా నమూనా కోర్టు (పిల్లలే లాయర్లుగా నిలబడి వాదించే కార్యక్రమం) పెట్టించాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, రాజాం, విజయనగరం జిల్లా