పీఆర్ కాలేజీ బి.ఏ. గురించి కళాశాల విద్యా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కాకినాడ పీఆర్ కాలేజీ 1884 నాటిది. పిఠాపురం రాజావారి పేరు మీద నడిచి, తర్వాత ప్రభుత్వానిదైంది. కానీ దాని స్వభావాన్ని మలిచింది మాత్రం రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. 1919 వరకు ఆయనే ప్రిన్సిపాల్. ఎప్పుడూ తెల్లబట్టలే. జీతంలో చాలాభాగం పేదపిల్లల చదువులకే పోయేది. అంటరానితనం రాజ్యమేలుతున్న రోజుల్లో దళిత విద్యార్థులను చేరదీశారు, ఆడపిల్లలను మగపిల్లలతో కలిపి క్లాసులో కూర్చోబెట్టారు. ఊళ్లో గొణుగుళ్లు లేకుండా ఇవన్నీ జరిగి ఉంటాయా? ఆయన ప్రభావం పడ్డవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకరు. 1925లో నాయుడు గారు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇప్పుడు పిల్లలంతా కంప్యూటర్ కోర్సుల వైపు వెళుతున్నారు. తప్పు పట్టను, ఉద్యోగం టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. కానీ మన కాలేజీలో బి.ఏ. గ్రూపులు ఉంచాలా, ఎత్తేయాలా అన్న విషయంలో కేవలం అడ్మిషన్ల లెక్క చూసి నిర్ణయం తీసుకోకండి. చరిత్ర, తెలుగు, రాజనీతి చెప్పే శాశ్వత అధ్యాపకులు ఉంటేనే పిల్లలు చేరతారు. ఖాళీలు వదిలేసి, డిమాండ్ లేదనడం న్యాయం కాదు.

ఇంకో చిన్న మనవి. పాత రిజిస్టర్లు, మ్యాగజైన్లు ఎక్కడున్నా వెతికించి డిజిటైజ్ చేయించండి. ఆ పని చరిత్ర విద్యార్థులకే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు.

ఇట్లు,
కాకినాడ వాసి, పూర్వ విద్యార్థి